ముందు బొమ్మ, వెనక కథ

ముప్ఫై రెండు పేజీల పిల్లల పుస్తకం అది. చివరి పేజీలో ఒక తండ్రి మెట్ల కింద నిలబడి, రెండు చేతులూ చాపి, కూతురి కోసం ఎదురుచూస్తుంటాడు. ఆకుపచ్చ చొక్కా. ఆ పేజీ దగ్గరికి వచ్చేసరికి చదివి వినిపించే తల్లులు పుస్తకం పక్కన పెట్టి పిల్లల్ని దగ్గరికి తీసుకుంటారని పత్రికలో రాశారు. ఆ బొమ్మ వేసింది నేనే. ఆ బొమ్మ చెప్పేది పచ్చి అబద్ధం. ఆ పేజీకి మాస్టారు మొదట రాసిన మాటలు నా బీరువాలో, పాత బ్రష్షుల డబ్బా కింద ఉన్నాయి. ఇంతవరకు ఎవరికీ చూపించలేదు.

మాస్టారంటే రెండువందల పద్నాలుగు డిటెక్టివ్ నవలలు, నూట అరవై పైచిలుకు పిల్లల పుస్తకాలు రాసినాయన. రాతలోకి రాకముందు ఏడేళ్ళు చిన్న బడిలో లెక్కలు చెప్పాడు. ఆ పిలుపు అలాగే అంటుకుపోయింది. పోయిన ఏడాది ఆయన పోయినప్పుడు ‘ఊహల ఊట ఇంకిపోయింది’ అని పెద్దక్షరాలతో వేశారు. చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఊటా లేదు, పాడూ లేదు. ముప్ఫై ఏళ్ళు ఆయన ఊహ నా బొమ్మ వెనకాలే నడిచింది.

మా ప్రచురణ సంస్థలో పద్ధతి అలాంటిది. పుస్తకాల అట్టలు నాలుగు రంగుల్లో వేరే ఊళ్ళో అచ్చయి రావాలి. దానికి మూడు వారాలు పట్టేది. లోపలి పేజీలు మా ప్రెస్సులోనే నాలుగు రోజుల్లో అయిపోయేవి. అందుకని ముందు నేను అట్ట మీద బొమ్మ వేసెయ్యాలి. కథేమిటో నాకు తెలియదు. నాకే కాదు, ఎవరికీ తెలియదు, ఎందుకంటే కథ అప్పటికి పుట్టనే లేదు. యజమాని, మేమంతా పెద్దాయన అని పిలిచే మనిషి, నా బల్ల దగ్గరికి వచ్చి, “ఈసారి ఒక రైలు వెయ్యవయ్యా. ఒక ఆడమనిషి. భయపడుతున్నట్టుండాలి” అనేవాడు. నేను వేసేవాణ్ణి. అట్టల కట్ట అచ్చయి వచ్చాక అందులోంచి ఒకటి తీసి మాస్టారికి ఇచ్చేవాళ్ళు. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, అట్టను ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని, ఒక కాఫీ అయ్యేదాకా చూసేవాడు. “సరే, ఈమె ఎవరో కనుక్కుంటాను” అని లేచి వెళ్ళేవాడు. తొమ్మిది రోజుల్లో తొంభై ఆరు పేజీలు తెచ్చి బల్ల మీద పడేసేవాడు.

ఆయన రాసిన ఇన్‌స్పెక్టరుకు గొడుగు ఎందుకుందని పాఠకులు ఉత్తరాలు రాసేవాళ్ళు. నేను మొదటి అట్ట మీద గొడుగు వేశాను, అందుకుంది. మూడో అట్టలో అతనికి మీసం పెట్టాను. నాలుగో దాంట్లో మర్చిపోయాను. మాస్టారు మూతి బిగించి, ఇన్‌స్పెక్టరు మారువేషం కోసం మీసం తీసేసినట్టు రాసి, ఆ మీసం లేకపోవడంతోనే దొంగను పట్టించాడు. ప్రెస్సులో అందరం పడీపడీ నవ్వాం. ఆయన నవ్వలేదు. “మళ్ళీ పెట్టేటప్పుడు ముందు చెప్పు తమ్ముడూ, పెరగడానికి టైము కావాలి” అన్నాడు.

పిల్లల పుస్తకాల సంగతి ఇంకా అధ్వానం. వాటికి కొత్త బొమ్మలు వేయించేవాళ్ళు కాదు. చెక్క బీరువా సొరుగుల్లో బొమ్మలు అచ్చువేసే పాత బ్లాకులు పడి ఉండేవి: ఏనుగు, గొడుగు పట్టిన ఎలుగుబంటి, రెండు కాకులు, బావి, చక్రం ఊడిన బండి. మాస్టారు వాటిని బల్ల మీద పరుచుకుని, పేకముక్కల్లా అటూ ఇటూ మార్చి, కథ అల్లేవాడు. ఏనుగు బ్లాకులో తొండం కొస అరిగిపోయింది. పొట్టి తొండం ఏనుగు అని ఏడు పుస్తకాలు వచ్చాయి. పిల్లలు పడి చచ్చారు. “మీకు ఇలాంటి ఆలోచనలు ఎలా వస్తాయండీ?” అని ఎవరో అడిగితే, “సొరుగు లాగితే వస్తాయి” అన్నాడు. వాళ్ళు అది వినయం అనుకున్నారు.

మా ఇద్దరికీ చెడింది ఒక చెయ్యి దగ్గర.

నేను కుడిచేత్తో బ్రష్షు పడతాను. కాబట్టి చేతులు వెయ్యాల్సి వస్తే నా ఎడమ చేతినే ఎదురుగా పెట్టుకుని చూసి వేస్తాను. కుడి చెయ్యి కావాలంటే తిప్పి ఊహించుకోవాలి. ఒక నెల నాలుగు అట్టలు ఒక్కసారిగా మీద పడ్డాయి. ఆ తొందరలో కోటు వేసుకున్న మనిషి ఒకడు తెర పట్టుకుని నిలబడినట్టు వేశాను. కుడి భుజం, కుడి కోటు చెయ్యి, దాని చివర ఎడమ చెయ్యి. బొటనవేలు ఉండాల్సిన చోట చిటికెనవేలు ఉంది. నేను చూసుకోలేదు, పెద్దాయన చూసుకోలేదు. నాలుగు వేల అట్టలు అచ్చయి వచ్చాక కట్ట విప్పిన మెషీన్‌మాన్ చూశాడు.

పెద్దాయన నిప్పు తొక్కినట్టు గెంతాడు. “ఇంతమంది తింటున్నారు, ఒక్కడికీ కళ్ళు లేవా? నీకు చేతులు వెయ్యడం రాదు గానీ బొమ్మలాయన అని పేరొకటి. రేపట్నించి రావద్దు, పో!” అన్నాడు. నాకు పెళ్ళయి అప్పటికి ఏడు నెలలు.

మాస్టారు అక్కడే కాఫీ తాగుతున్నాడు. గ్లాసు కింద పెట్టి, “నేనే అలా వెయ్యమన్నానండీ” అన్నాడు.

“నువ్వా? ఎందుకు?”

“అది ఇప్పుడు చెబితే పుస్తకం ఎవరు కొంటారు? చివర్లో తెలుస్తుంది.”

ఆ చివర ఆయనకే తెలియదు. ఆ అట్ట పట్టుకుని ఇంటికెళ్ళి గది తలుపు వేసుకున్నాడు. తొమ్మిది రోజులు కాస్తా పంతొమ్మిది రోజులయ్యాయి. పెద్దాయన రోజూ మనిషిని పంపించాడు. మాస్టారు తలుపు తియ్యలేదు. ఇరవయ్యో రోజు కాగితాలు వచ్చాయి. కోటు మనిషికి అసలు కుడి చెయ్యే లేదట. ఆ ఖాళీ కోటు చేతిలోంచి, తెర వెనక దాక్కున్న ఇంకొకడు తన ఎడమ చెయ్యి దూర్చి తెర పట్టుకున్నాడట. హంతకుడు వాడే! మొదటి పేజీ కూడా తిప్పకుండానే పాఠకుడి కళ్ళ ముందు హంతకుడి చెయ్యి ఉంది. అది పదకొండుసార్లు అచ్చయింది. మాస్టారు రాసినవన్నీ ఒకెత్తు, అదొక్కటీ ఒకెత్తు అన్నారు. నా ఉద్యోగం నిలబడింది. ఆయనకు దండం పెట్టాను. నిజంగానే పెట్టాను.

కానీ పొరపాటు నాది, గొప్ప ఆయనది. నాది అని చెప్పుకోవాలంటే నా తప్పు నేనే చాటుకోవాలి. ఏ పుస్తకంలోనూ నా పేరు ఉండేది కాదు, లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో కూడా. ఇరవై ఏళ్ళు అది గొంతులో ముల్లులా ఉండిపోయింది. పెద్దాయన పోయాక ఇక భయపడాల్సిందేమీ లేదు. ఎప్పుడో ఒకప్పుడు మాస్టారే చెబుతాడనుకున్నాను.

రెండువందలవ నవల వచ్చినప్పుడు హాల్లో సన్మానం చేశారు. నేను ఐదో వరుసలో కూర్చున్నాను. ఒక ప్రొఫెసరుగారు ఆ బొటనవేలు గురించి ముప్పావుగంట మాట్లాడాడు. తరవాత మాస్టారు లేచాడు. నేను కుర్చీ అంచుకు జరిగాను. ఆయన మైకు సవరించుకుని, “ఆ బొటనవేలు ఎటువైపు ఉండాలో మా బొమ్మలబ్బాయికి విడమరిచి చెప్పడానికే నాకు రెండు రోజులు పట్టిందండీ” అన్నాడు. హాలంతా గొల్లుమంది. పక్కవాడు నా వైపు తిరిగి నవ్వాడు, నేనూ నవ్వాను. అంతకంటే సిగ్గుమాలిన నవ్వు నా జన్మలో నవ్వలేదు.

ఆ రోజు నుంచి ఆయనతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. ఆయన అది గమనించినట్టు కూడా లేదు. కొన్నాళ్ళకు అట్టల మీద ఫోటోలు వెయ్యడం మొదలైంది, నా అవసరం తీరిపోయింది. మా వీధి చివర చిన్న గది తీసుకుని బండ్లకు నంబరు ప్లేట్లు రాసుకోవడం మొదలుపెట్టాను. అంకెలకు బొటనవేళ్ళు ఉండవు.

పదేళ్ళ తరవాత ఒక ఉదయం మాస్టారు ఆ గదికి వచ్చాడు. డెబ్బై దాటాయి. గుమ్మం తడుముకుంటూ వచ్చి, స్టూలు ఎక్కడుందో చేత్తో వెతుక్కుని కూర్చున్నాడు. చంకలో ఒక కవరు.

“దీనికి బొమ్మ లేదు తమ్ముడూ” అన్నాడు. “నా జన్మలో మొదటిసారి, బొమ్మ లేకుండా రాశాను. పిల్లల కథ. సొరుగులో బ్లాకుల్లేవు, అట్ట లేదు, ఏమీ లేదు. ముందు కథ. ఇప్పుడు నువ్వు బొమ్మలు వెయ్యి. పన్నెండు. ఈసారి నీ బొమ్మే నా వెనక రావాలి. నేనొక్క అక్షరం మార్చను.”

“ఇప్పుడు బొమ్మలు వేసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు గదండీ.”

“ఉన్నారు. నీకు తెలిసినట్టు వాళ్ళకి తెలియదు.” కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నాడు. “డాక్టరు ఆరు నెలలన్నాడు. చావు కాదులే, చూపు. ఎడం కన్ను అప్పుడే సగం పోయింది. అమ్మాయి గురించి రాశాను. కళ్ళుండగా బొమ్మలతో చూసి, దాని చేతిలో పెట్టాలి. దానికి నేను చెప్పాల్సింది ఒకటుంది. నోటితో చెప్పలేకపోయాను.”

నేను కవరు అందుకోలేదు. పదేళ్ళు మింగింది ఆ నిమిషంలో బయటికి వచ్చేసింది. “ఆ రోజు స్టేజీ మీద అలా ఎందుకన్నారు మాస్టారూ? బొటనవేలు మీరు చెబితే వేశానా నేను?”

ఆయన కాసేపు నా వైపు చూశాడు. ఎగతాళి లేదు, బెదురూ లేదు. “నేను చెప్పలేదా?” అన్నాడు. “నేనే వెయ్యమన్నాననే గుర్తు నాకు. పెద్దాయన ముందు అన్నాను గదా. అన్నాక… ఏమో తమ్ముడూ, అదే నిజమైపోయింది. నువ్వు అడిగేదాకా వేరే సంగతి ఉందనే తెలియదు.”

తిట్టినా ఇంత మండేది కాదు. నా బతుకులో నాకు దక్కిన ఒకే ఒక్క సంగతి ఆయనకు గుర్తు కూడా లేదు. కవరు తీసుకుని, “వచ్చే నెల చూద్దాం” అన్నాను. ఆయన వెళ్ళాక దాన్ని విప్పకుండా పసుపు రంగు డబ్బాల వెనక్కి తోసేశాను. ముప్ఫై ఏళ్ళు నేను ముందు నడిచాను, ఇప్పుడాయన కాస్త వెయిటింగులో ఉండనీ, అనుకున్నాను. ఇంత చిన్నబుద్ధి నాలో ఉందని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా లేదు, అంతకంటే పెద్దది చేశాను గనక.

రెండో నెల ఆయన కూతురు వచ్చింది. బడిలో సైన్సు చెబుతుంది. ఐదేళ్ళప్పుడు జ్వరం వచ్చి ఎడమ కాలు సన్నబడింది, ఇప్పటికీ కొంచెం ఈడుస్తూ నడుస్తుంది. నన్ను చిన్నప్పటి నుంచీ బాబాయ్ అంటుంది. “ఎంతవరకు వచ్చాయి బాబాయ్?” అని అడిగింది. “నాలుగయ్యాయమ్మా” అన్నాను. నోటికి వచ్చేసింది. నాలుగో నెల వస్తే ఎనిమిది అన్నాను. ఆరో నెల వస్తే, “పన్నెండూ అయినట్టే, రంగులు మిగిలాయి” అన్నాను. అప్పటికి ఆ కవరు అంటించిన జిగురు కూడా ఊడలేదు.

ఎనిమిదో నెలలో మళ్ళీ వచ్చింది. ఈసారి స్టూలు మీద కూర్చుంది.

“ఎడమ కన్ను పూర్తిగా పోయింది బాబాయ్. కుడి కంట్లో మనిషి ఆకారం ఒక్కటే తెలుస్తోందట. రంగులు అవసరం లేదు, ఉన్నవి ఉన్నట్టు ఇచ్చెయ్యండి, చూస్తాడు.”

“ఇస్తానమ్మా. ఇంకొక్క వారం.”

ఆమె కదల్లేదు. “అందులో ఏం రాశాడో నాకు చెప్పలేదు. ఉన్న ఒక్క ప్రతీ మీ దగ్గరే ఉంది. జ్వరం తరవాత నేను మెట్లు దిగిన ఆ రోజుల గురించి అని మాత్రం అన్నాడు. ఆ రోజుల గురించి ఆయన ఇంతవరకు నాతో ఒక్క మాట మాట్లాడలేదు బాబాయ్. అమ్మ పోయేటప్పుడు కూడా అదే అంది, ‘మీ నాన్న ఒక్క మాట అని ఉంటే బాగుండేది’ అని. నాకు పుస్తకం అక్కర్లేదు. ఆ మాట ఏమిటో తెలిస్తే చాలు.”

ఆమె వెళ్ళాక తలుపు దగ్గరికి వేసి కవరు చింపాను. పన్నెండు కాగితాలు. చూపు తగ్గాక రాసినవి కాబట్టి పంక్తులు కిందికి జారిపోయాయి. ఒక పాప మేడ మీద ఇంట్లో ఉంటుంది. జ్వరం వచ్చి కాలు పనిచెయ్యదు. వీధిలోకి వెళ్ళాలంటే పంతొమ్మిది మెట్లు దిగాలి. రోజుకో మెట్టు దిగుతానని పంతం పడుతుంది. వాళ్ళమ్మ ఒక మెట్టు కింద కూర్చుంటుంది. పాప ఏడుస్తుంది, పడుతుంది, మళ్ళీ లేస్తుంది. రోజూ దిగేముందు వెనక్కి తిరిగి గది తలుపు వైపు చూస్తుంది. తొమ్మిదో కాగితంలో ఇలా ఉంది: ‘తలుపు అవతల నాన్న ఒక చెయ్యి గురించి రాస్తున్నాడు. ఎవరిదో చెయ్యి. అది తప్పుగా ఉందట. దాన్ని సరిచెయ్యాలట.’

అక్కడ ఆగిపోయాను. పంతొమ్మిది రోజులు. పెద్దాయన మనిషిని పంపిస్తే తలుపు తియ్యని ఆ పంతొమ్మిది రోజులు. నా చెయ్యి అది. నా ఉద్యోగం నిలబెట్టడానికి ఆయన ఆ తలుపు వేసుకున్నాడు. అవతల పిల్ల ఒక్కో మెట్టూ పడుతూ లేస్తూ దిగింది.

చివరి కాగితంలో మూడే వాక్యాలు. ‘పంతొమ్మిదో రోజు పాప వీధిలో నిలబడింది. తలుపు వెనక నాన్న అన్నీ విన్నాడు, ప్రతి రోజూ విన్నాడు. బయటికి మాత్రం రాలేదు.’

ఆ సాయంత్రమే కూర్చుని వెయ్యాల్సింది. కాగితం బల్లకు అంటించాను. పెన్సిలు చెక్కాను. మూసిన తలుపు వెయ్యాలంటే దాని వెనక నా చెయ్యి కూడా ఉంటుంది, ఎవరికీ కనపడకపోయినా నాకు కనపడుతుంది. ఒక్క గీత పడలేదు. రేపు వేద్దాంలే అనుకున్నాను. రేపు అన్నది నాకు మొదటి నుంచీ బాగా అలవాటైన మాట.

మర్నాడు పొద్దున్నే ఆమె కారు తెచ్చి నా గది ముందు ఆపింది. దిగలేదు. అద్దం దించి, “కుడి కన్ను కూడా పోయింది బాబాయ్. నిన్న మధ్యాహ్నం. ఇక చూడలేనని తెలుసు ఆయనకి. అయినా మిమ్మల్ని తీసుకురమ్మన్నాడు, బొమ్మలు పట్టుకుని” అంది. నా దగ్గర బొమ్మలెక్కడివి? చేతికి అందిన తెల్ల డ్రాయింగు కాగితాలు పన్నెండు లెక్కపెట్టి ఫైల్లో పెట్టుకుని ఎక్కాను. కాళ్ళ మీద పడి నిజం చెప్పేద్దామనే బయల్దేరాను. ఆ మాట మీరు నమ్మినా నమ్మకపోయినా ఒకటే.

అదే ఇల్లు. పంతొమ్మిది మెట్లూ లెక్కపెట్టుకుంటూ ఎక్కాను. ఆమె నా ముందు గోడ పట్టుకుని ఎక్కింది. మాస్టారు కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. బల్ల మీద పెన్నులన్నీ మూతలు పెట్టి వరసగా ఉన్నాయి, కళ్ళజోడు పెట్టెలో ఉంది. కళ్ళు మామూలుగానే ఉన్నాయి గానీ, చూపు నా భుజం పక్కన గోడ మీద ఆగిపోయింది.

“తెచ్చావా తమ్ముడూ?” అన్నాడు. ముఖమంతా వెలుగు.

“తెచ్చాను” అన్నాను. కాళ్ళ మీద పడాల్సినవాణ్ణి ఆ ఒక్క ముక్క అని కుర్చీలో కూలబడ్డాను.

“రాత ప్రతి?”

“ఇంట్లో ఉండిపోయింది.”

“పోనీలే, నాకు కంఠతా వచ్చు. నువ్వు ఒక్కో బొమ్మా చెప్పు, దాని కింద మాట నేను చెబుతాను. అమ్మాయి రాసుకుంటుంది, ప్రెస్సుకి శుభ్రమైన ప్రతి కావాలి గదా. ఏదీ, మొదటిది ఇలా ఇవ్వు.” కాగితం అందుకుని వేళ్ళతో నిమిరాడు. వాసన చూశాడు. “రంగు వాసన రావట్లేదే?”

“ఎండిపోయింది మాస్టారూ. నెలలైంది గదా.”

కూతురు ఎదురుగా ప్యాడు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆయన చేతిలో కాగితం ఇటు తిరిగింది. తెల్లగా ఉంది. ఆమె పెన్ను ఆగిపోయింది. నా ముఖంలోకి చూసింది. అరుస్తుందనుకున్నాను, అరిస్తే బాగుండుననుకున్నాను. ఆమె తండ్రి ముఖం వైపు తిరిగింది. ఆయన నవ్వుతున్నాడు. ఆమె తల వంచుకుని పెన్ను మళ్ళీ ప్యాడు మీద ఆనించింది.

ఇక నాకు దారి లేదు. చెప్పడం మొదలుపెట్టాను. పై మెట్టు మీద పాప. పసుపు గౌను, కాలికి పట్టీ. “భలే” అన్నాడాయన, దాని కింద వాక్యం చెప్పాడు. రెండోది, అమ్మ కొంగు… కాదు, అమ్మ చేతిలో తువ్వాలు. మూడోది, గోడ మీద పాప వేసిన సుద్ద గీతలు, రోజుకొకటి. “సుద్ద గీతలు నేను రాయలేదు, బాగుంది” అన్నాడు. సిగ్గుతో చచ్చిపోవాల్సిన మనిషిని, ఆ మెచ్చుకోలుకు లోపల ఎక్కడో పొంగిపోయాను. తెల్ల కాగితాలు ఒక్కొక్కటే తీసి ఆయన చేతికిస్తూ పోయాను. తొమ్మిదో దాని దగ్గర ఆయన గొంతు తగ్గించి, తలుపు గురించి, చెయ్యి గురించి చెప్పాడు. కూతురు రాస్తూ రాస్తూ ఒక్కసారి కళ్ళెత్తి తలుపు వైపు చూసింది. అదే గది, అదే తలుపు.

“ఇక చివరిది” అన్నాడు. “అదే ముఖ్యం. దాని కోసమే ఆగాను. చెప్పు.”

మూసిన తలుపు అనాలి. అంతే. ఆ రెండు ముక్కలంటే, తరవాత మూడు వాక్యాలూ ఆయనే చెప్పేవాడు, ఎదురుగా ఉన్న మనిషి ముప్ఫై మూడేళ్ళుగా ఎదురుచూస్తున్న మాట ఆమె చెవిన పడేది. ఆ తలుపు వేయించింది నేను. దాన్ని ఆమె ముందు నా నోటితో మూసెయ్యలేకపోయాను.

“మెట్ల కింద వాళ్ళ నాన్న నిలబడి ఉన్నాడు” అన్నాను. “రెండు చేతులూ చాపి.”

కాగితం నిమురుతున్న ఆయన వేళ్ళు ఆగాయి.

“నాన్నా?” అన్నాడాయన. “నా కథలో నాన్న కిందికి రాడు గదయ్యా.”

“పోనీ, తీసేసి మళ్ళీ వేస్తాను మాస్టారూ.”

“వేసింది తీసేస్తామా? ఎప్పుడన్నా తీశామా?” ఆయన చెయ్యి నుదుటి మీదికి వెళ్ళింది, లేని కళ్ళజోడును పైకి తోసుకుంది. కాగితాన్ని ముక్కు దగ్గరగా పెట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు నేను చూసిన మనిషి తిరిగొచ్చాడు. ముఖంలో ఏదో సడలిపోయింది, బరువు దించుకున్నట్టు. “బొమ్మ పడిపోయాక కథే సర్దుకోవాలి. ఇదే బాగుంది తమ్ముడూ. నాకు తట్టలేదు గానీ, ఇదే బాగుంది. రాసుకోమ్మా.”

ఆమె పెన్ను ఎత్తింది.

“పంతొమ్మిదో మెట్టు దిగేసరికి కింద నాన్న ఉన్నాడు” అని చెప్పాడాయన, ఒక్కో మాటా ఆపి. “పంతొమ్మిది రోజులూ అక్కడే నిలబడి ఉన్నాడు. పాపే చూడలేదు.”

ఆమె సగం రాసి ఆగింది. ఎడమ కాలు కుర్చీ కిందినుంచి ముందుకు చాపి ఉంది. ఐదేళ్ళ పిల్లకు ఏం గుర్తుంటుందంటారు గానీ, ఆ మెట్ల మీద ఎవరున్నారో ఎవరు లేరో ఆమెకు తెలుసు. ఇంకో నెలకు ఆయనకు ఇదే గుర్తుంటుందని నాకు తెలుసు. ఆమె మిగతా వాక్యం రాసింది. తరవాత తండ్రి చేతిలో ఉన్న తెల్ల కాగితాన్ని మెల్లగా తీసుకుని, మిగతా వాటి పైన పెట్టి, అంచులు సమంగా సర్దింది.

“బాబాయ్, నాన్న చొక్కా ఏ రంగు వేశారు?” అని అడిగింది.

“ఆకుపచ్చ” అన్నాను.

రాసుకుంది.